దవడపన్నులో పాలు

మా మరదలు చచ్చిన తిమింగలాలకి పంటి డాక్టరు. ఈ బిరుదు నేనిచ్చింది కాదు, వాళ్ళ ఆఫీసువాళ్ళే తగిలించారు. బతికున్నవాళ్ళ పన్ను ఒక్కటి కూడా ఆమె కోసి ఎరగదు, తనది తప్ప. ఆ ఒక్క పన్ను జోలికి పోకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమెకి అనిపిస్తుందో లేదో నేను అడగలేదు.

మరదలంటే మా మేనమామ కూతురు. నాకన్నా కొన్ని నెలలు చిన్న. ఆమెని కంటూనే వాళ్ళమ్మ ఆసుపత్రిలో పోయింది. పొత్తిళ్ళలో పిల్లని చూసి మా అమ్మమ్మ అన్న మొదటి మాట, "తల్లిని మింగి వచ్చింది" అని. ఆ మాట చచ్చేదాకా మార్చలేదు. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, "మింగుడూ, ఇలా రా" అనేది. ఒకే ముసలామె నాకు అమ్మమ్మ, దానికి నాయనమ్మ. నాకు జడ వేసిన చేత్తోనే దానికి మొట్టికాయ వేసేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత ఆ ఇంట్లోనే పుట్టి ఉంటుంది. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నేను తిడతాను.

మామయ్య ఓడల మీద పనిచేసేవాడు. కూతుర్ని చూస్తే భార్య గుర్తొస్తుందని ఇంటికి రావడమే తగ్గించేశాడు. చివరికి ఏదో దూరపు రేవులో జ్వరం వచ్చి పోయాడు. తండ్రి గురించి మరదలికి తెలిసిందల్లా ఆయన టోపీ ఒకటి, అది కూడా అమ్మమ్మ ఎవరికో ఇచ్చేసింది.

ఇంత చీకట్లో ఆ పిల్లకి మిగిలిన వెలుగు మా అమ్మ. అప్పట్లో అమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆ రోజుల గురించి అమ్మ ఒక కథ చెప్పేది, అమ్మమ్మ వినని చోట మాత్రమే. ఒక పక్క కన్న కూతుర్ని, ఒక పక్క అన్న కూతుర్ని వేసుకుని ఇద్దరికీ పాలిచ్చానని. నేను ఒక్కదాన్నే ఉండాలని దాన్ని కాలితో తన్నేదాన్నట. అది మాత్రం కళ్ళు మూసుకుని తన పని తను చూసుకునేదట. ఈ కథ వింటుంటే మరదలి మొహం విప్పారేది. ఎన్నిసార్లు విన్నా, "నిజంగా తన్నేదా అత్తయ్యా?" అని మళ్ళీ అడిగేది. నాయనమ్మ మింగుడూ అని పిలిచినప్పుడల్లా పెదాలు కదలకుండా ఏదో గొణుక్కునేది. ఏంటే అని ఒకసారి నిలదీస్తే చెప్పింది: "నేను మింగింది అత్తయ్య పాలు అనుకుంటాను." ఆ మాట పట్టుకునే ఆ పిల్ల పెరిగింది. ఇంకేం పట్టుకుని పెరుగుతుంది?

పెద్దయ్యాక నేను బట్టలు కుట్టే కొట్టు పెట్టుకున్నాను. ఆమె రేవు వెనకాల ఉన్న పరిశోధనశాలలో చేరింది. పేరుకే పరిశోధనశాల, పూర్వం అది చేపలు నిలవ ఉంచే గిడ్డంగి. గోడలకి ఎన్ని రంగులు వేసినా ఆ వాసన పోలేదు. లోపల చెక్క అరల నిండా తిమింగలాల పళ్ళు. కొన్ని వేటాడే రోజుల నాటివి, కొన్ని ఒడ్డుకి కొట్టుకొచ్చి చచ్చినవాటివి. ఒక్కో పన్ను నా జానెడు ఉంటుంది. వాటిని రంపంతో నిలువునా కోసి, నునుపు చేసి, ఆమ్లంలో ముంచితే లోపల పొరలు తేలతాయి. ఆ పొరల్ని ఒక్కొక్కటే తొలిచి, ఆ పొడిని ఆవగింజంత తగరపు గిన్నెలో వేసి, పట్టకారుతో పొట్లం కట్టాలి. ఊపిరి గట్టిగా వదిలితే పొడి ఎగిరిపోతుంది. అందుకని ఆమె పని చేస్తున్నంతసేపూ ముక్కు బిగపట్టి మాట్లాడుతుంది. నాకు నవ్వొచ్చేది.

ఆ పొట్లాల్ని ఒక యంత్రం కాల్చి రెండు లెక్కలు చెబుతుంది. నాకు అర్థమైనంతలో చెబుతాను. నత్రజనిలో బరువుది, తేలికది అని రెండు రకాలుంటాయి. ఒక జీవి ఇంకో జీవిని తిన్నప్పుడల్లా బరువుది కాస్త పెరుగుతుంది. అంటే ఆ లెక్క చూసి ఈ తిమింగలం చిన్నవాటిని తిని బతికిందా, పెద్దవాటిని తిని బతికిందా అని చెప్పొచ్చు. కార్బనులోనూ అలాంటి రెండు రకాలే. అది ఎక్కడ తిన్నదో చెబుతుంది, ఒడ్డు దగ్గరా, నడిసముద్రంలోనా అని. నత్రజనిది ఏం తిన్నావన్న ప్రశ్న, కార్బనుది ఎక్కడ తిన్నావన్న ప్రశ్న అని మరదలు నాకు టీ తాగుతూ చెప్పింది. మా ఆయన ఆలస్యంగా ఇంటికొస్తే నేనడిగేవీ ఆ రెండే అన్నాను.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పింది. పాలు తాగే పిల్ల తింటున్నది తల్లినే కదా, అందుకని దాని నత్రజని తల్లికన్నా ఒక మెట్టు పైనే ఉంటుందట. పన్ను పొరల్ని వరసగా గీత గీస్తే ఎడమ చివర చిన్న గుట్టలా లేస్తుంది. పాలు మానేశాక ఆ గుట్ట దిగిపోతుంది. దాన్ని వాళ్ళు పాలగుట్ట అంటారు. ఇది చెప్పి మరదలు నవ్వింది. "చూశావా వదినా, తల్లిని మింగని పిల్లంటూ ఈ సముద్రంలోనే లేదు. నాయనమ్మ ఉండగా తెలిస్తే బాగుండేది." నవ్వుతున్న మనిషి కప్పు కింద పెట్టబోయి బల్ల అంచు మీద పెట్టింది. కప్పు పగిలింది, ఇద్దరం కలిసి ఏరాం.

మరదలు పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాళ్ళకి తిమింగలాల వాసన నచ్చక అని తనే అనేది. పరిశోధన ఓడలో ఏడాది పాటు తిరిగే అవకాశం వచ్చింది. బతికున్న తిమింగలాన్ని కళ్ళారా చూడాలని ఆమెకి ఎంత ఆశో నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే మా అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను అమ్మని తీసుకొచ్చేందుకు ఇల్లు సర్దుకుంటుంటే మరదలు ఆసుపత్రి నుంచి నేరుగా తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఓడ వెళ్ళిపోయింది. కన్న కూతుర్ని నేనుండగా నువ్వెవరివే అని పోట్లాటకి వెళ్ళాను. ఆమె దుప్పటి మడత పెడుతూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు తాగింది నీ హక్కు వదినా. నేను తాగింది ఋణం. ఋణం ముందు తీరాలి కదా." నాకు నోరు ఎక్కువని మా వీధంతా ఒప్పుకుంటుంది, కానీ ఆ రోజు దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెట్టించి ఇంటికొచ్చేశాను.

మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన అమ్మ మంచం, మంచం కింద బేసిను, గోడకి ఆనించి చేతికర్ర. మరదలు పొద్దున్నే అమ్మకి ఒళ్ళు తుడిచి, తినిపించి, పనికి వెళ్ళేది. మధ్యాహ్నం నేను కొట్టు మూసి వచ్చి కూర్చునేదాన్ని. అమ్మ చిన్నపిల్లలా ఆమె కోసం మెట్ల చప్పుడు వింటుండేది. నేనొస్తే, "నువ్వా" అనేది. కడుపు మండేది, అయినా ఏం చేస్తాను.

అలా ఉండగా మరదలికి దవడపన్ను సలపడం మొదలెట్టింది. ఒక పక్క పుచ్చిపోయింది, రెండో పక్క గట్టిగానే ఉంది. పళ్ళ డాక్టరు పీకేసి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపిందట. జేబురుమాల్లో చుట్టి తెచ్చుకుంది. మనిషి దవడపళ్ళలో మొదటిది పుట్టుకతోనే లోపల తయారవడం మొదలవుతుందట. అంటే దాని కొసలో, ఊహ తెలియని రోజుల తిండి దాక్కుని ఉంటుంది. మీ అత్తయ్య మీద అనుమానమా అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అనుమానం కాదట. నీ చిన్నప్పటి ఫొటోలు గోడ నిండా ఉన్నాయి, నాకు ఒక్కటీ లేదు, ఇది నా ఫొటో అంది. ఫ్రేము కట్టించి అత్తయ్యకి ఇస్తానంది.

వాళ్ళ ప్రొఫెసరమ్మ మంచి మనిషి. ఈవిడ పన్ను గురించి విని పగలబడి నవ్వి, తిమింగలాల మధ్యలో నీ పొట్లాలు కూడా పెట్టుకో, యంత్రం ఏమీ అనుకోదు అందట. మరదలు తన పన్నుని బలహీనమైన ఆమ్లంలో నానబెట్టి, మెత్తబడ్డాక పలచగా ముక్కలు కోసి, ఆరబెట్టి, పొట్లాలు కట్టింది. ఒక్కో పొట్లాన్ని రెండేసి సార్లు విప్పి మళ్ళీ కట్టిందని ప్రొఫెసరమ్మే నాతో చెప్పింది.

గుట్ట వచ్చింది. ఎడమ చివర, చక్కగా, ఏ తిమింగలం పిల్లకీ తీసిపోకుండా. మరదలు ఆ కాగితం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ వయసులో అన్ని మెట్లూ పరుగున ఎక్కింది. అమ్మ పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించింది. ఇవి నీ పాలు అత్తయ్యా, ఇదిగో ఇక్కడ మొదలెట్టావు, ఇక్కడ మాన్పించావు అని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇది అబద్ధం చెప్పదా అని అడిగింది. యంత్రం కదా, ఎందుకు చెబుతుంది అంది మరదలు. అమ్మ తనని గోడ వైపు తిప్పి పడుకోబెట్టమంది, రాత్రికి అన్నం వద్దంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల అంత సంబరంగా తెస్తే ఒక్క మంచి మాట అనవేం అని కేకలేశాను. తుంటి నొప్పేమో వదినా, ఊరుకో అని మరదలే నన్ను బయటికి తీసుకెళ్ళింది. మర్నాటికి ఆ కాగితం అమ్మ మంచానికి ఎదురుగా గోడకెక్కింది.

ఆ చలికాలంలో ఒక పిల్ల తిమింగలం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పిల్లంటే మన లారీ అంత. తల్లి జాడ లేదు. కడుపు కోసి చూస్తే ఖాళీగా ఉందట. దాని పన్ను కూడా మరదలి బల్ల మీదకే వచ్చింది. ఇంకా చిగురు దాటని పన్ను. కోసింది, తొలిచింది, పొట్లాలు కట్టింది. గీతలో చివరిదాకా నత్రజని ఎక్కుతూనే పోయింది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు చూసి, ఆఖరి రోజు దాకా బాగా పాలు తాగిందన్నారు. అప్పుడు ప్రొఫెసరమ్మ వాళ్ళకి పాఠం చెప్పింది. ఏమీ దొరకనప్పుడు ప్రాణి తన ఒంటిని తనే కరిగించుకుని తింటుంది. తనని తను తిన్నా తిన్నట్టే కదా, అందుకని అప్పుడూ నత్రజని ఎక్కుతుంది. పాలూ ఆకలీ ఆ గీతలో ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే కార్బను చూడాలి. పాలైతే అదీ కొంచెం ఎక్కుతుంది. ఒంటి కొవ్వు కరుగుతుంటే అది దిగుతుంది. ఈ పిల్లది దిగింది, చూడండి అని చూపించింది.

మరదలు ఆ మాటలు వెనక నిలబడి విన్నది. ఆమెకి తెలియని సంగతేం కాదు, ఎప్పుడో విన్నదే. కానీ తన పన్ను లెక్కల్లో కార్బను వరస ఆమె తెరిచి చూడనే లేదు. వాళ్ళ భాషలో కార్బనంటే ఎక్కడ తిన్నావన్న ప్రశ్న. తను ఎక్కడ తిన్నదో తనకి తెలుసు, నాయనమ్మ ఇంట్లో. తెలిసినదాన్ని ఎవరు వెతుకుతారు? ఆ పొరపాటు తిమింగలాల మనిషి కాబట్టి చేసింది. నేనైతే రెండూ ఏమిటని అడిగేదాన్ని.

సాయంత్రం నా కొట్టుకి వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. ముక్కల బుట్ట పక్కకి జరిపి స్టూలు మీద కూర్చుంది. కార్బను దిగింది వదినా అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు వరసగా అన్నీ చెప్పింది, ఆ పిల్ల తిమింగలం దగ్గర్నుంచి, గొంతు ఎక్కడా తడబడకుండా. తన పన్నులో కార్బను పుట్టిన కొత్తలోనే దిగడం మొదలెట్టి, ఏడాది దాకా అలాగే ఉండి, తర్వాత మెల్లగా పైకొచ్చిందట. ఆ తర్వాత ఏమైంది, ఎవరు పెట్టారు అని అడిగాను. "ఎవరూ పెట్టలేదేమో. పాకుతూ వెళ్ళి దొరికింది తీసుకుని తినే వయసొచ్చింది, అంతే" అంది. నేను మిషను ఆపేశాను. నా చేతిలో ఎవరిదో పెళ్ళి గౌను ఉంది, దాన్ని ఎక్కడ పెట్టానో తర్వాత చాలాసేపు వెతుక్కున్నాను.

"నాయనమ్మ మాట తప్పు వదినా," అంది. "నేను అమ్మని తినలేదు. అత్తయ్యని తినలేదు. నన్నే తిన్నాను."

నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను. ఇప్పుడే వెళ్ళి ఆవిడని అడుగుతానన్నాను. పాలిచ్చానని పండులాంటి అబద్ధం చెప్పి, ఓడ ఎక్కాల్సినదాన్ని బేసిన్లు ఎత్తడానికి పెట్టుకున్నందుకు అడుగుతానన్నాను. మా అమ్మే కావచ్చు, ఆ క్షణంలో నాకు అమ్మమ్మ కన్నా ఆవిడ మీదే ఎక్కువ మంట పుట్టింది. అమ్మమ్మ కనీసం మొహం మీదే తిట్టేది. మరదలు నా చెయ్యి పట్టుకుంది. అడగొద్దు, నేనూ అడగను అంది. అత్తయ్యకి తల దువ్వే వేళయింది, వెళ్ళాలి అంది. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక నేనూ వెంట వెళ్ళాను.

ఇంటికెళ్ళగానే మరదలు గోడ మీది కాగితం తీసి, మడిచి, సొరుగులో పెట్టింది. అంత నిమ్మళంగా తీసింది గనక అమ్మ చూడలేదనుకున్నాను. తర్వాత దువ్వెన తెచ్చి, అమ్మని దిండుకి ఆనించి కూర్చోబెట్టి, వెనక కూర్చుని చిక్కు తీయడం మొదలెట్టింది. అమ్మ జుట్టు అప్పటికే పిలకంత మిగిలింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, నోరు తెరిస్తే ఏం వస్తుందోనని.

అమ్మ ఖాళీ గోడ వైపు చూస్తూ అడిగింది. "తెలిసిపోయిందా?"

మరదలు ఊఁ అంది. దువ్వెన ఆగలేదు.

"ఇవ్వలేదమ్మా," అంది అమ్మ. "మా అమ్మ గుమ్మంలోనే కూర్చునేది. తల్లిని మింగింది, నిన్నూ మింగుతుంది, ముట్టుకున్నావంటే నీ పిల్లకి చుక్క మిగలదు అనేది. నాకు భయమేసింది. నువ్వు పక్క గదిలో ఏడుస్తుంటే నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. వెళ్ళి పిండి పారబోసేదాన్ని. నీకు పంచదార నీళ్ళు పట్టించేవాళ్ళు."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నాకు మిగలగా పారబోసిన పాలు. ఆమెకి తప్ప అందరికీ సరిపోయిన పాలు.

"మరి ఎందుకు చెప్పావే?" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. మరదలికే చెప్పింది. "నీకు ఊహ తెలిశాక ఓ రోజు మింగుడన్నారని వెక్కి వెక్కి ఏడ్చావు. ఊరుకోబెట్టడానికి, నా పాలు తాగావే నువ్వు అన్నాను. ఠక్కున ఏడుపు ఆపేశావు. ఇంకోసారి ఏడిస్తే ఇంకోసారి చెప్పాను. చెప్పగా చెప్పగా నాకూ ఇచ్చినట్టే అనిపించేది."

మరదలు చిక్కు తీయడం పూర్తిచేసింది. దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకలు వేలితో లాగి ఉండచుట్టింది. ఆ ఉండని అరచేతిలో పెట్టుకుని అంది.

"నాకూ తాగినట్టే ఉండేది, అత్తయ్యా."